గిన్నె అడుగున తెల్లటి గార... ఏం చేద్దాం?

నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి గార, కుళాయి మూతికి సున్నపు పెచ్చులు, ఎంతసేపు ఉడికించినా మెత్తబడని కందిపప్పు... మీ ఇంట్లోనూ ఇదే తంతా? అయితే తప్పు మీ వంటది కాదు, నీళ్లది!

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లలో గోదావరి చేరువలోనే ఉన్నా, బోరు నీళ్ల వాడకం తక్కువేమీ కాదు. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నది నీళ్ల కుళాయిలొచ్చాయి. కానీ ఆ నీళ్లు రాని పూట బోరు మోటారు వెయ్యక తప్పదు కదా!

గార ఎక్కణ్ణుంచి వస్తుంది?

వాన నీరు భూమిలోకి దిగుతూ రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. కారేపల్లి దగ్గర మాదారంలో తవ్వే డోలమైట్ రాయిలో ఉండేవీ ఈ రెండే. నీళ్లు కాగగానే కరిగిన సున్నం విడిపోయి అడుగున పేరుకుంటుంది.

ఇలా చేసి చూడండి

* గార పట్టిన స్టీలు గిన్నెలో సగం నీళ్లు, సగం వెనిగర్ పోసి మరిగించండి. గంట ఆగి తోమి, రెండుసార్లు కడగండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసమైనా సరే.
* పప్పుకి వాడే నీళ్లు రాత్రే కాచి ఉంచండి. పొద్దున పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకోండి. పప్పు త్వరగా ఉడుకుతుంది.
* గీజర్ వేడి 60 డిగ్రీలు దాటనివ్వకండి. వేడి పెరిగేకొద్దీ గార ఎక్కువ, కరెంటు బిల్లూ ఎక్కువే! ఏడాదికోసారి మెకానిక్‌తో లోపల శుభ్రం చేయించండి.

జాగ్రత్త సుమా!

ట్యాంకు కడిగేటప్పుడు యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. మూసి ఉన్న ట్యాంకులో అది ప్రాణాలకే ముప్పు.

మరి తాగొచ్చా?

మన దేశ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఫర్వాలేదు. అసలు భయపడాల్సింది కంటికి కనిపించే గారకి కాదు, కనిపించని ఫ్లోరైడ్‌కి! అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లకీ, పెద్దల ఎముకలకీ చేటు. కాచినా పోదు.

అందుకే ఇరుగమ్మ కొన్నదని మీరూ ఫిల్టర్ కొనెయ్యకండి. ముందు సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఏ మెషిన్ కావాలో, అసలు కావాలో వద్దో ఆ కాగితమే చెబుతుంది!