వార్తలోని విలువకు పేరే ప్రమాణము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై నున్న సూర్యాపేట, కోదాడలయందును, బియ్యపు మిల్లులకు పేరెన్నిక గన్న మిర్యాలగూడయందును, బ్యాంకులు మొదలు ఆసుపత్రుల వరకు నేడు ఇంటర్నెట్టు లేనిదే పని సాగదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టములతోబాటే టీ-ఫైబర్ కేబుళ్లకును మార్గము కల్పించుట యీ యవసరమును గుర్తించియే. అయితే భూమిలోని కేబులు ఎచ్చటనో తెగినచో, ఆ సంగతి దూరమందలి పర్యవేక్షణ కేంద్రమునకు ఎట్లు తెలియును?

1988లో తొలుత వెలువడి, 1990లో ప్రమాణముగా స్థిరపడిన ఎస్.ఎన్.ఎం.పి. అను నియమావళి యిందుకు సాధనము. దాని ననుసరించి రూటర్లు, స్విచ్చులు తమంతట తాము పంపు వార్తను ట్రాప్ అందురు. అందులో ప్రతి విలువకును ముందు ఓ.ఐ.డి. యనబడు నొక సంఖ్యామాల నామధేయముగా నుండును; ఈ పేరు, విలువల జతయే చలరాశి. వంశవృక్షమున మూలపురుషుని నుండి శాఖోపశాఖలుగా దిగివచ్చి యొక వ్యక్తిని గుర్తించునట్లు, ఆ సంఖ్యలను వరుసగా అనుసరించినచో ఆ విలువ దేనికి సంబంధించినదో నిశ్చయమగును.

సూర్యాపేటలోని యొక స్విచ్చు, కోదాడ వైపు పోవు ద్వారమునకు (పోర్టునకు) 7 అను సంఖ్య నిచ్చిన దనుకొందము. ఆ ద్వారము మూతపడగానే వెలువడు రెండవ తరము ట్రాప్‌లో మొదటి చలరాశి, వ్యవస్థలోని నెట్‌వర్కు నిర్వహణ భాగము మేల్కొన్నప్పటి నుండి గడచిన కాలమును సెకనులో నూరవ వంతులుగా తెలుపును; రెండవది సంభవించిన ఘటన యేదో చెప్పును; 1.3.6.1.6.3.1.1.5.3 అనగా లింకు తెగినది. పిదప 1.3.6.1.2.1.2.2.1.8.7 అను పేరుతో 2 అను విలువ వచ్చినచో, తుదినున్న 7 ద్వారమును, దాని ముందరి 8 వాస్తవస్థితిని, 2 మూతపడుటను సూచించును. ఆ 8కి మారుగా 7 ఉన్న చలరాశి యధికారి కోరిన స్థితి. అందు విలువ 1 అయినచో తెరచియుండవలసిన ద్వారము మూతపడినదనియు, 2 అయినచో సిబ్బందియే మూసిరనియు గ్రహింపవచ్చును.

కొందరు ప్రోగ్రాములు వ్రాయువారు పేరును విడిచి, మూడవ విలువ ద్వారము, అయిదవది స్థితి యని స్థానమును నమ్ముకొందురు. ఇది ప్రమాదకరము, ఏలయన నిర్ణీత చలరాశుల తరువాత తయారీదారులు తమవి మరికొన్ని చేర్చుటకు అవకాశము కలదు, అవి యొక్కొక్క పరికరమున నొక్కొక్క రీతిగా నుండుటచే స్థానమును బట్టి వాని యర్థము తెలియదు. మరియు పరికరము తిరిగి ప్రారంభమైనప్పుడు ద్వారముల సంఖ్యలే మారవచ్చును గనుక, ఆ సంఖ్యల పాత పట్టికను గ్రుడ్డిగా నమ్మరాదు.

1.3.6.1.4.1 అను శాఖ క్రింద నమోదైన ప్రతి సంస్థకును ప్రత్యేక సంఖ్య కలదు, సిస్కోది 9. ఆ శాఖలోని పేర్లకు అర్థము చెప్పునది తయారీదారు ఇచ్చు మిబ్ అను దస్త్రము. కావున మన పట్టణములలో నెట్‌వర్కులను నడుపువారు పరికరమును కొనునప్పుడే ఆ దస్త్రమును అడిగి తీసికొనవలెను; అలారములను స్థానమును బట్టి గాక పేరును బట్టియే చదివింపవలెను.