విమానం దించేసి వెళ్ళిపోయాక...

మాది ముగ్గురాయి ఊరు. రైల్వే కోడూరు దగ్గర మంగంపేట. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మా ఊళ్ళోనే ఉంది. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము! అలాంటి ఊరి ఆడమనిషి అలాస్కాలో, రోడ్డనేదే లేని ఒక సరస్సు ఒడ్డున, చెక్క గదిలో నాలుగు రాత్రులు ఉండి వచ్చిందంటే మా వీధిలో సగంమంది ఇప్పటికీ నమ్మరు.

"నీళ్ళమీద దిగితే విమానం మునగదా?" అని మా పక్కింటావిడ అనుమానం. 2024 నవంబరు 9న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌లో ప్రయోగాత్మకంగా వెళ్ళడం టీవీలో మనమంతా చూశాం కదా! "మల్లన్న దగ్గరికి ఇట్లా గూడా పోవచ్చా!" అని మా అత్తగారు నోరు తెరిచారు. ఏడు నెలలు తిరక్కుండానే అలాంటి దాంట్లో నేనే ఎక్కుతానని అప్పుడు అనుకోలేదు.

మా చెల్లెలు అలాస్కాలో యాంకరేజ్‌లో ఉంటుంది. 2021 మేలో మా నాయన పోయారు. కరోనా రెండో విడత ముమ్మరంగా ఉన్న రోజులు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళలో తమ పౌరులు కానివాళ్ళను అమెరికా చాలావరకు ఆపేసింది. చెల్లెలిది వీసా మీద ఉన్న బతుకు. వస్తే మళ్ళీ పిల్లల దగ్గరికి ఎప్పుడు పోతుందో తెలీదు. రాలేదు. ఫోన్లో చూసింది. ఆ ఫోన్ పట్టుకున్నది నేనే. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్యా పండగ శుభాకాంక్షలు తప్ప మరో మాట లేదు. అది టికెట్టు పంపినా నాలుగుసార్లు వద్దన్నాను. 2025 జూన్‌లో మావారే బలవంతంగా పంపారు.

అలాస్కాలో రోడ్డు లేని ఊళ్ళే ఎక్కువ. రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేదు! అందుకే మనకు ఆటోలున్నట్టు అక్కడ నీటి విమానాలు. యాంకరేజ్‌లోని లేక్ హుడ్ నీటి విమానాలకు ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన చోటంటారు. మేం మాత్రం రెండు గంటలు కారులో పోయి, మూస్ పాస్ అనే చిన్న ఊళ్ళో ఎక్కాం. పైలట్ ఆడమనిషే, నాకంటే పదేళ్ళు పెద్దది. రాగానే అందరినీ సామాన్లతో సహా కాటా ఎక్కించింది. ఆడవాళ్ళ బరువు అడగకూడదన్న మర్యాద అక్కడ చెల్లదు. "వదినా, మీ ఊరి రాయేమైనా సంచిలో పెట్టుకొచ్చారా?" అని మా మరిది నవ్వాడు. నిజానికి ముగ్గురాయి నీటికంటే నాలుగు రెట్ల పైన బరువు. ఆ బరువు కోసమే దాని పొడిని చమురు బావులు తవ్వే బురదలో కలుపుతారు. అలాస్కా కూడా చమురు నేలే!

ఎక్కే ముందు పైలట్ ఒక చేతిపంపుతో తేలుడు డబ్బాల్లోకి చేరిన నీళ్ళు తోడేసింది. ఎలుగుబంటి మీద చల్లే స్ప్రేని మాత్రం లోపలికి రానివ్వలేదు, ఆ డబ్బాలోనే పెట్టి మూసింది. లోపల పగిలితే పైలట్‌కే కళ్ళు కనపడవట. అందులో ఉండేది మిరపకాయ ఘాటే! మా ఇంట్లో రోజూ పోపులో వేసేది. ఆ రకం విమానాన్ని బీవర్ అంటారు. మొదటిది ఎగిరింది 1947 ఆగస్టు 16న, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు. 1967లోనే తయారీ ఆగిపోయినా ఇంకా ఎగురుతున్నాయి.

మమ్మల్ని దించి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ చప్పుడు కొండ వెనక్కి పోయాక చెవుల్లో గుయ్‌మంది.

అది చుగాచ్ జాతీయ అడవి. గది అటవీశాఖది, నెలల ముందే ఇంటర్నెట్‌లో బుక్ చేసుకోవాలి. నాలుగు చెక్క బల్లలు, కట్టెల పొయ్యి, బయట మరుగుదొడ్డి. కరెంటు లేదు, కుళాయి లేదు. ఫోన్ పలకదు. అత్యవసరానికి ఉపగ్రహంతో పలికే అరచేతంత పరికరం మరిది జేబులో ఉంది. రాత్రి పదకొండు దాటినా పొద్దు గుంకదు, దోమలు మన దోమలకు పెద్దక్కలు.

సరస్సు చూడగానే నాకేమనిపించిందో చెబితే నవ్వుతారు. ఇన్ని నీళ్ళా, తాగే దిక్కు లేకుండా! అనిపించింది. ఎండాకాలం బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టిన చేతులు కదండీ. తీరా చూస్తే ఆ నీళ్ళు కూడా బకెట్‌తో మోసుకొచ్చి, మరగబెట్టి తాగాల్సిందే. లేకపోతే కడుపు పట్టుకుని కూచోవాలి. మరిది అరగంట ఊదినా పొయ్యి రాజలేదు. నేను సన్న పుల్లలు పేర్చి రెండు అగ్గిపుల్లల్లో అంటించాను. రాగిపిండి తీసుకెళ్ళాను కాబట్టి సంగటి గెలికి, ఊరుబిండితో పెట్టాను. తిన్న వెంటనే గిన్నెలు కడిగి, మిగిలిందంతా మూత గట్టిగా బిగించి దాచాం, వాసనకు ఎలుగుబంట్లు రాకుండా.

నాలుగోరోజు పొద్దున విమానం రావాలి. తెల్లారేసరికి మబ్బు కొండల్ని మింగేసి సరస్సు మీద కూచుంది. పరికరంలో ఒకే ముక్క వచ్చింది, ఈరోజు రాలేను అని. ఇలాంటివి జరుగుతాయనే రెండు రోజుల తిండి అదనంగా తెచ్చుకోమంటారు. తిండి ఉంది. పొద్దే పోదు!

మధ్యాహ్నం చెల్లెలు నీళ్ళు తెచ్చి గడప దగ్గర బకెట్ దించి అక్కడే నిలబడిపోయింది.

"నాయన గని నుంచి వచ్చేసరికి ఒక బకెట్ నీళ్ళు నేనే తీసిపెట్టేదాన్ని, గుర్తుందా అక్కా?"

ఎందుకు గుర్తుండదు! ఎంత కరువున్నా ఆ బకెట్ ఎవరూ ముట్టకూడదు. ఆయన కాళ్ళమీద అదే పోసేది.

"ఆ పొద్దు ఫోన్ ఎందుకు పక్కకు తిప్పినావు?"

సిగ్నల్ పోయిందని నాలుగేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. అమ్మకు కూడా అదే చెప్పాను. ఆ గదిలో లేచి పక్కకు పోవడానికి ఇంకో గది లేదు, మోగడానికి ఫోన్ లేదు.

"సిగ్నల్ పోలేదే. నేనే తిప్పినా. నువ్వు రాలేదని కోపం. నీకు చూపీకూడదనిపించింది."

అది ఏడవలేదు, తిట్టలేదు. బకెట్ తీసుకుని మళ్ళీ సరస్సు దగ్గరికి పోయింది, ఉన్న నీళ్ళు చాలినా. వానలో చాలాసేపు ఒడ్డునే నిలబడింది. మరిది లేవబోతే చేత్తో వద్దన్నాను. రాత్రి అన్నాల దగ్గర, "ఆఖర్న ఆయన ముఖం ఎట్లుండింది?" అని అడిగింది. చెప్పాను. ఏ చొక్కా తొడిగిందీ, నోట్లో తులసి నీళ్ళు ఎవరు పోసిందీ, అన్నీ. పొయ్యిలో కట్టెలు రెండుసార్లు ఎగదోశాం.

మర్నాడు పదిగంటలకు మబ్బు విడిచింది. దూరంగా ఈగ ముసిరినట్టు చప్పుడు వినిపించింది. పైలట్ చెత్త సంచితో సహా అన్నీ ఎక్కించుకుంది, అక్కడేమీ వదలకూడదు. నా సంగటి కట్టెను మాత్రం చెల్లెలు తన సంచిలో వేసుకుంది. అడగలేదు.

నాయన సంవత్సరీకానికి మేలో వస్తానంటోంది. అమ్మకు సిగ్నల్ సంగతి నేనింకా చెప్పలేదు.