పుదుపేటలో మన స్థూపం పాఠం

తెలుగులో లెక్కలు నేర్చుకుంటే ఏం లాభమని కొందరు తల్లిదండ్రులు మనల్ని అడుగుతుంటారు. చెన్నై పుదుపేటలోని పాత కార్ల విడిభాగాల బజారుకు వెళ్లి చూద్దాం.

1983లో వచ్చిన మారుతి 800 తయారీ 2014లో ఆగింది. దాని ఇంజిన్‌లో మూడు సిలిండర్లు. ఒక్కోదాని వ్యాసం 68.5 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 72 మి.మీ. మన పిల్లలు స్థూపం ఘనపరిమాణం సూత్రం వేస్తే మూడింటికీ కలిపి 796 సీసీ వస్తుంది.

సిలిండర్ అరిగితే బోరింగ్ చేసి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేస్తారు. అప్పుడది సుమారు 808 సీసీ. ఓమ్ని వ్యానులోనూ 796 సీసీ ఇంజినే కనుక చాలా సామాను ఇటూ అటూ మారుస్తారు. కానీ కొలవకుండా బిగిస్తే ఇంజిన్ పాడవుతుంది.

మాస్టార్లూ, ఒక అరిగిన పిస్టన్, ఒక వెర్నియర్ కాలిపర్ తరగతికి తెద్దాం. కొలిచి, లెక్కగట్టి, తెలుగులో చెప్పమందాం. తల్లిదండ్రుల ప్రశ్నకు పిల్లలే జవాబిస్తారు.