నేస్తానికి నచ్చితేనే పండుగ

పుట్టినరోజుకు చిన్న చొక్కా, సంక్రాంతికి మెడ రుమాలు, ఫొటోలకు కాగితం పువ్వు... పెంపుడు కుక్కలకూ ముస్తాబుల రోజులొచ్చాయి. ఇందుకు బజారుకు పరుగెత్తక్కర్లేదు. పాత నూలుచీర, అట్టపెట్టె, ఇడ్లీ పాత్ర చాలు. కాకపోతే కత్తెర పట్టేముందు దాని ఒంటి తీరు, మనసు తీరు తెలుసుకోవాలి. అప్పుడే ఆ వేడుక దానికీ వేడుక.

కుక్కను అలంకరించి మురిసిపోవడం చాలాచోట్ల ఉన్నదే. నేపాల్‌లో దీపావళి వేళ అయిదు రోజులు జరిగే తిహార్‌లో రెండోరోజు పూర్తిగా కుక్కలదే. దాన్ని ‘కుకుర్ తిహార్’ అంటారు. నుదుట ఎర్రటి తిలకం దిద్ది, మెడలో బంతిపూల దండ వేసి, కడుపునిండా పెడతారు. ఇంటి కుక్కా వీధి కుక్కా అన్న తేడా ఉండదు. పోలీసు జాగిలాలకూ దండలు పడతాయి. న్యూయార్క్‌లోని టాంప్‌కిన్స్ స్క్వేర్ దగ్గర హాలోవీన్ కుక్కల ఊరేగింపు మూడు దశాబ్దాలకు పైగా సాగుతోంది. అక్కడ అట్టముక్కలతో, గుడ్డలతో ఇంట్లోనే కట్టిన వింత వేషాలెన్నో కనిపిస్తాయి. మన ఎండలకు మాత్రం నేపాలీల పద్ధతే నప్పుతుంది. అందులో ముస్తాబు తక్కువ, మురిపెం ఎక్కువ.

మెడ రుమాలే మేలు

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల దగ్గర కొద్దిగా పడుతుందంతే. నాలుక బయటపెట్టి రొప్పుతూనే అది ఒంటి వేడిని దించుకుంటుంది. మామూలుగానే దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. దానిమీద జరీ లంగా, వెల్వెట్ కోటు తొడిగితే ఉక్కిరిబిక్కిరవుతుంది. పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి తీసుకోవడమే కష్టం కాబట్టి వాటికి ఒళ్లంతా కప్పే దుస్తులు అసలే వద్దు.

అన్ని కుక్కలకూ నప్పేది మెడ రుమాలు. మంగళగిరి నూలుచీర ముక్కయినా, కలంకారీ జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డయినా సరే. కుక్క మెడకు సరిపడే చదరపు గుడ్డను ఐమూలగా కత్తిరిస్తే రెండు రుమాళ్లొస్తాయి. పొడవాటి అంచును మడిచి, బెల్టు దూరేంత గొట్టంలా కుట్టాలి. రోజూ పెట్టుకునే బెల్టునే అందులోంచి దూరిస్తే ముడి అక్కర్లేదు, బిగుసుకుపోయే భయమూ లేదు. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. గుండీలు, పూసలు, చమ్కీలు కుట్టొద్దు, కొరికి మింగేస్తుంది. కాళ్లకూ తోకకూ రబ్బరు బ్యాండు ఎప్పుడూ వేయొద్దు. బొచ్చులో కనపడకుండా బిగుసుకుని చర్మాన్ని కోసేస్తుంది.

చెవుల మీద టోపీ చాలా కుక్కలకు నచ్చదు. బదులుగా కాగితం పువ్వొకటి చేసి, ఫొటో తీసేంతసేపు బెల్టుకు దారంతో కట్టి, వెంటనే తీసేయండి.

దాని కళ్లతో, దాని ముక్కుతో

కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు మట్టిరంగులా కనిపిస్తుంది. కాబట్టి తోరణాలకు నీలం, పసుపు కాగితాలు ఎంచుకోండి. బెలూన్లు వద్దు. పేలితే హడలిపోతుంది, ముక్క మింగితే పేగులకు అడ్డుపడుతుంది.

కుక్కకు అసలు సరదా వాసన పట్టడంలో ఉంది. పాత తువ్వాలు పరిచి, అక్కడక్కడా తినుబండారాలు పెట్టి చాపలా చుట్టి ఇవ్వండి. ముక్కుతో తోసుకుంటూ విప్పుకుంటుంది. పిన్నులు, టేపు తీసేసిన అట్టపెట్టెల్లో నలిపిన కాగితాలు నింపి, ఒక్కదాంట్లోనే తినుబండారం ముక్క దాచినా బాగుంటుంది. పిల్లలు పక్కనుండి ఉత్సాహపరచవచ్చు, లాక్కోకూడదు.

ఇడ్లీ పాత్రలో కేకు

కప్పు రాగిపిండి, మెదిపిన అరటిపండు, ఒక గుడ్డు, అరకప్పు క్యారట్ తురుము, కాసిని నీళ్లు కలిపి ఇడ్లీల్లా ఆవిరి మీద ఉడికించండి. ఉప్పు, పంచదార, బెల్లం వేయొద్దు. చల్లారాక పైన కాస్త గట్టి పెరుగు రాస్తే కేకు సిద్ధం. ఇలాంటి అదనపు తిళ్లు రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషమే. బిర్యానీ ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. అతిథులు ముద్దుగా ఏదీ పెట్టకుండా ముందే చెప్పండి.

చాలంటే వినాలి

తోక ఊపినంత మాత్రాన సంతోషమనుకోవద్దు. ఒళ్లంతా వదులుగా ఊగుతూ తోక ఆడిస్తే ఆనందం. ఒళ్లు బిగబట్టి తోక మాత్రమే కదిపితే అది కంగారు. పదేపదే పెదవులు నాకడం, నిద్ర రాకున్నా ఆవలించడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడవడం, కనుకొసల్లో తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూడటం, ఇవన్నీ అది ‘చాలు’ అని చెప్పే తీరు. ఆ క్షణమే ముస్తాబు తీసేయాలి. జనం లేని గదిలో దాని పక్క, నీళ్లగిన్నె సిద్ధంగా ఉంచాలి.

అసలు ముస్తాబు అలవాటు చేయడం వేడుకకు వారం ముందే మొదలవ్వాలి. మొదట రుమాలు వాసన చూడనిచ్చి తినడానికి ఓ ముక్క పెట్టాలి. మర్నాడు వీపు మీద వేసి మరో ముక్క. ఆ తర్వాత మెడకు పెట్టి కొన్ని క్షణాలు, ఆపై కొన్ని నిమిషాలు. ఎక్కడ బెదిరితే అక్కడ ఆగి, అంతకు ముందటి మెట్టుకు వెనక్కి రావాలి. ఈ ఓపిక ఫలితం ఫొటోలతో ఆగిపోదు. ఒంటి మీద గుడ్డ పడితే మంచే జరుగుతుందని నేర్చుకున్న కుక్క, రేపు గాయానికి కట్టు కట్టినా, ఆపరేషన్ తర్వాత మెడకు ప్లాస్టిక్ కోన్ పెట్టినా అంతగా బెదరదు. పుట్టినరోజుకు మనం ఇవ్వగలిగిన గట్టి కానుక ఆ ధైర్యమే.