మనం నాటని నీడ

చెట్ల నడుమ, ప్రశాంతమైన చోట ఇల్లు ఉండాలని నేడు పట్టణవాసులు తహతహలాడుతున్నారు. హైదరాబాదు పొలిమేరల్లో పచ్చదనం పేరు చెప్పి ఇళ్ళస్థలాలు అమ్ముతున్నారు. పాల్వంచలో నివసించే మాకు ఆ భాగ్యం కొనకుండానే దక్కింది. ఒకవైపు థర్మల్ విద్యుత్కేంద్రం కాలనీల చెట్ల నీడ, మరోవైపు కిన్నెరసాని అభయారణ్యం. 1977లో ఏర్పడిన ఈ అభయారణ్యం సుమారు 635 చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉంది. అందులో దుప్పులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, నెమళ్ళు; జలాశయంలో మొసళ్ళు. విద్యుత్కేంద్రానికే కాదు, పాల్వంచ, కొత్తగూడెం ఇళ్ళకూ తాగునీరు కిన్నెరసానిదే.

అయితే ఈ నీడ ఎవరు పెంచినది? 1966లో విద్యుదుత్పత్తి మొదలైన నాటినుండి ఎన్నో జిల్లాల వారు ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చారు. క్వార్టర్ల ముందు మొక్కలు నాటి, నీళ్ళు పోసి పెంచారు. పదవీ విరమణ కాగానే తాళంచెవులు అప్పగించి వెళ్ళిపోయారు. చెట్టును మాత్రం ఎవరూ వెంట తీసుకుపోలేదు. ఆ పాత కేంద్రంలోని 720 మెగావాట్ల యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో దాని ఎనిమిది కూలింగ్ టవర్లను క్షణాల్లో నేలమట్టం చేశారు. కాని ఆ తరం వారు నాటిన వేపచెట్టు కింద నేటికీ పిల్లలు ఆడుకుంటున్నారు. సదఖయె జారియా అంటే ఇదే కదా!

విశ్వాసి నాటిన మొక్క నుండి మనిషిగాని, పశువుగాని, పక్షిగాని తింటే అది అతని ఖాతాలో దానంగా జమ అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ప్రళయం ముంచుకొచ్చినా చేతిలోని మొక్కను నాటమన్నారు. మదీనా పరిసరాలను పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడి చెట్లను నరకరాదని, జంతువులను వేటాడరాదని ఆదేశించారు. నేడు మనం అభయారణ్యం అంటున్నదానికి పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఆయన బాట వేశారు.

మరి మన తీరు ఎలా ఉంది? ‘క్వార్టరు మనది కాదు, మొక్క మనకెందుకు?’ అనేవారున్నారు. ఆకులు రాలి వాకిలి పాడవుతోందని చెట్టునే కొట్టించేవారున్నారు. పండుగ మరునాడు పిల్లాపాపలతో కిన్నెరసానికి వెళ్ళి, తిన్న ప్లాస్టిక్ సంచులను అక్కడే వదిలి వస్తాము. ఉప్పు వాసనకు దుప్పి ఆ సంచిని నమిలితే అది దాని పేగులకు అడ్డం పడుతుంది. నోరులేని ఆ జీవి ఎవరికి ఫిర్యాదు చేసుకోగలదు? ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదన్న ధర్మం మనది. ఆ నదినే కలుషితం చేస్తే రేపు ఏమని జవాబు చెప్పగలం?

మన దేశపు బొగ్గులో సాధారణంగా నూటికి 30 నుండి 40 పాళ్ళు బూడిదే. దాన్ని మండించే ఊళ్ళో ఆకు మీద నిలిచిన ప్రతి ధూళికణమూ మన పిల్లల ఊపిరితిత్తులకు తప్పిన భారమే. కనుక ఇక్కడ చెట్టు అలంకారం కాదు, అవసరం.

తొలకరికి ప్రతి ఇంటి ముందు ఒక మొక్క నాటుదాం. నీళ్ళు పోసే పని పిల్లలకు అప్పగిద్దాం. దాని కాయ మనం తినకపోవచ్చు, దాని నీడలో మనం కూర్చోకపోవచ్చు. ఇల్లు ఎవరిదైనా, నేల మాత్రం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దాన్ని కాపాడే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.