చట్టం దృష్టిలో వాహన యజమాని ఎవరు?

వాడుకలో యజమాని అంటే సొమ్ము చెల్లించి వస్తువును కొనుక్కున్నవారు. వాహనాల విషయంలో చట్టం ఈ మాటకు వేరొక అర్థాన్ని నిర్దేశించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 2వ సెక్షన్, 30వ క్లాజు ప్రకారం వాహనం ఎవరి పేరిట రిజిస్టరై ఉన్నదో వారే యజమాని. వారు మైనరైతే సంరక్షకులు యజమానిగా పరిగణింపబడతారు. వాహనం వాయిదాల కొనుగోలు, లీజు లేదా తాకట్టు ఒప్పందానికి లోబడి ఉంటే, ఆ ఒప్పందం మేరకు దానిని స్వాధీనంలో ఉంచుకున్నవారే యజమాని.

ఈ నిర్వచనపు ఫలితం గమనింపదగినది. స్కూటరును అమ్మి, సొమ్ము పుచ్చుకొని, తాళంచెవి అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదు. అది ఎన్ని చేతులు మారినా, రికార్డులో పేరు మారనంతవరకు మొదటివారే యజమాని. దానివల్ల ప్రమాదం జరిగి, బీమా కూడా లేకపోతే, బాధితులకు చెల్లించవలసిన పరిహారం వారిపైనే పడుతుంది. పలుమార్లు అమ్ముడైన ఒక వాహనం విషయంలో 2018లో సుప్రీంకోర్టు ఈ అర్థాన్నే స్థిరపరచింది.

ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని 50వ సెక్షన్ విధిస్తున్నది. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. కొన్నవారే అంతా చూసుకుంటారని ఊరుకోక, అమ్మినవారు తమ వంతు సమాచారం అందజేసి, రసీదు భద్రపరచుకొని, రికార్డులో పేరు మారినదీ లేనిదీ సరిచూసుకోవడం క్షేమకరం.