కొయ్యొద్దు, మడిచి కుట్టండి

జఫర్‌గఢ్ జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. గుట్ట మీద కోట ఉన్న ఊరు. జూన్ వచ్చిందంటే అక్కడ రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. చేలల్లో పత్తి గింజలు పెట్టాలి. పిల్లల్ని బడికి పంపాలి. రెంటికీ డబ్బు కావాలి.

సర్కారు బడి పిల్లలకు ఏడాదికి రెండు జతల బట్టలు ఉచితంగా ఇస్తారు. వాటిని కుట్టే పనిని 2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాలకు అప్పగించింది. బట్టలు వస్తాయి, సంతోషమే. కానీ అందరికీ అచ్చంగా సరిపోతాయా? ఒకరికి ప్యాంటు పొట్టి. ఇంకొకరికి పొడుగు.

పొడుగు ప్యాంటు తొక్కుకుని పిల్లవాడు పడతాడు. అంచు బురదలో నాని చినుగుతుంది. అందుకని తల్లి కత్తెర తీస్తుంది. అది చూస్తే పక్కింటి అక్క ఊరుకుంటుందా?

"కొయ్యకు చెల్లె! మలిచి కుట్టు. వచ్చే ఏడు పిలగాడు పెరుగుతడు. కోసిన బట్ట పెరుగుతదా?"

నిజమే కదా! లోపల దాచిన బట్ట వచ్చే ఏడు పనికొస్తుంది. ఇంట్లోనే ఎలా కుట్టాలో చూద్దాం.

ముందు ఉతకాలి

నూలు బట్ట మొదటి ఉతుకులో కొంచెం ముడుచుకుంటుంది. అందుకే ఉతికి, ఆరేసి, తర్వాతే కొలవాలి.

కొలత

పిల్లవాడికి ప్యాంటు తొడగాలి. బడికి వేసుకునే చెప్పులు వెయ్యాలి. నిటారుగా నిలబెట్టాలి. వాడు వంగి చూస్తే కొలత తప్పుతుంది. మడమ దగ్గర, నేలకు అర అంగుళం పైన సబ్బు ముక్కతో గీత గియ్యాలి.

ఇక టేపు తియ్యాలి. టేపు మీద ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఒక అంగుళం అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒకటి చూడబోయి ఇంకొకటి చూడొద్దు. అంకె చదివి కాగితం మీద రాసుకోవాలి.

లెక్క

నడుము నుంచి అంచు దాకా ప్యాంటు 36 అంగుళాలు ఉందనుకుందాం. గీత దాకా 33. ఎక్కువైంది 3 అంగుళాలు. పాత మడత విప్పితే ఇంకో అంగుళం వచ్చిందనుకుందాం. మొత్తం 4 అంగుళాలు లోపల దాచాలి.

మొదట కొసను అర అంగుళం మడవాలి. అప్పుడు పోగులు ఊడవు. తర్వాత సబ్బు గీత దగ్గర మిగతా మూడున్నర అంగుళాలు లోపలికి మడవాలి. రెండు కాళ్లకూ ఇలాగే చెయ్యాలి.

కుట్టు

ముందు దూరం దూరంగా పెద్ద కుట్లు వెయ్యాలి. పిల్లవాడికి తొడిగి చూడాలి. సరిపోతే ప్యాంటు తిరగేసి అసలు కుట్టు మొదలు పెట్టాలి.

ప్యాంటు రంగు దారమే తీసుకోవాలి. మూరెడు చాలు. ఎక్కువైతే చిక్కు పడుతుంది. ముడి మడత లోపల ఉండాలి. సూదితో పై బట్టలో ఒకటి రెండు పోగులే పట్టాలి. తర్వాత మడత అంచులోంచి సూది తియ్యాలి. బియ్యపు గింజంత దూరం జరిగి మళ్లీ అలాగే. దారం బిగించి లాగొద్దు. లాగితే బట్ట ముడతలు పడుతుంది. చివరికి పెద్ద కుట్లు తీసెయ్యాలి.

కాలి దగ్గర సన్నగా ఉండే ప్యాంటుకు మడత ఇరుకవుతుంది. అప్పుడు మడతలోకి పోయే పక్క కుట్టును కొంచెం విప్పాలి. మడత సాఫుగా పరుచుకుంటుంది.

వచ్చే ఏడు

పిల్లవాడు ఎదిగాక కుట్టు విప్పి, కావలసినంత దించుకోవాలి. విప్పిన పక్క కుట్టును మళ్లీ వేసుకోవాలి. తడి గుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే పాత మడత చాలావరకు పోతుంది. రంగు వెలిసిన గీత మాత్రం పోదు. పోకపోతే ఏం? ప్యాంటు ఇంకో ఏడాది వస్తుంది. ఆ డబ్బు చేనుకో, పలకా పుస్తకాలకో మిగులుతుంది.

లెక్క కట్టి రాయండి

ప్యాంటు పొడవు 34 అంగుళాలు. కావలసింది 30. పాత మడత విప్పితే వచ్చేది 1 అంగుళం. లోపల ఎన్ని అంగుళాలు దాచాలి?